తిండిగింజలూ, సర్కారు సాయమూ: పాకేజీ జిల్లా నేర్పిన పాఠం



ఏరువాక దగ్గరకు వస్తున్నదంటే ఊళ్లో ఎక్కడ నలుగురు కలిసినా ఇవే మాటలు. విత్తనాలు ఎప్పుడిస్తారు? ఎరువుల కొట్టుకి యూరియా వచ్చిందా? సొసైటీలో అప్పు పుడుతుందా? ఈ ఏడు ధాన్యానికి మద్దతు ధర ఎంత కట్టారు? ఈ నాలుగు ప్రశ్నలూ ప్రభుత్వ సాయం గురించినవే. అయితే ఈ సాయం ఒక్కనాడు ఆకాశం నుంచి ఊడిపడలేదు. దీని వెనక ఎనభై ఏళ్ల పైచిలుకు చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మన పశ్చిమ గోదావరి జిల్లాకు పెద్ద పీట ఉన్నది. ఆ కథ ఇవాళ కొంచెం తీరికగా చెప్పుకుందాం. ఎందుకంటే, ఏ సాయం పంటను పెంచింది, ఏ సాయం దారిలోనే ఇంకిపోయింది అన్నది తెలిసిన రైతు తనకు రావలసినదేదో అడగగలుగుతాడు. తెలిసిన ఉద్యోగి దాన్ని రైతు గడప దాకా చేర్చగలుగుతాడు.

1942లో మొదలు పెడదాం. రెండవ ప్రపంచ యుద్ధం. ఆ ఏడు జపాను సైన్యాలు బర్మాను పట్టుకున్నాయి. అప్పటిదాకా బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైబడి బియ్యం మన దేశానికి ఓడల మీద వచ్చేవి. ఆ ఓడలు ఆగిపోయాయి. ప్రభుత్వం 1942లోనే ‘అధికాహారోత్పత్తి’ ఉద్యమం మొదలు పెట్టింది. కాని ఆ మరుసటి ఏడే, 1943లో, బెంగాలు కరువు వచ్చిపడింది. ప్రభుత్వ విచారణ సంఘం లెక్క ప్రకారమే 15 లక్షల మంది చనిపోయారు. తరువాత లెక్క కట్టిన పండితులు 30 లక్షల దాకా చెప్పారు. తరువాత 1947లో దేశ విభజన జరిగింది. కాలువల కింద గోధుమ పండే పశ్చిమ పంజాబూ, వరి పండే తూర్పు బెంగాలూ ఆవలికి పోయాయి. తినే నోళ్లు మిగిలాయి, పండే నేల తగ్గింది.

అధికాహారోత్పత్తి ఉద్యమం కింద ప్రభుత్వం చేసిన సాయం తక్కువది కాదు. బావులు త్రవ్వుకోవడానికి డబ్బిచ్చారు, ఎరువులిచ్చారు, మంచి విత్తనాలిచ్చారు, బంజరు నేలలు సాగు చేయమన్నారు. మరి పంట అనుకున్నంత పెరిగిందా? లేదు. ఎందుకు పెరగలేదో తేల్చమని వి. టి. కృష్ణమాచారి గారి అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేశారు. ఆ సంఘం 1952లో నివేదిక ఇచ్చింది. సారాంశం ఇది: సాయం తునాతునకలుగా పోయింది, కొద్దిమందికే అందింది. పల్లెటూరి బ్రతుకులో ప్రతి విషయమూ మరొకదానితో ముడిపడి ఉంటుంది కనుక, ఒక్కదాన్ని పట్టుకొని లాగితే లాభం లేదు.

ఈ మాట రైతుకు కొత్త కాదు. నాగలికి కర్రు ఉండాలి, మేడి ఉండాలి, కాడి ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా మడి దున్నడం జరగదు. విత్తనం ఒక ఊరికీ, ఎరువు మరో ఊరికీ, అప్పు మూడో ఊరికీ ఇస్తే మూడు ఊళ్లూ పండవు. ఆ నివేదిక ఫలితంగానే 1953లో జాతీయ విస్తరణ సేవ వచ్చింది. దానికి ఒక ఏడు ముందు, 1952 అక్టోబరు 2న, సమాజాభివృద్ధి పథకం మొదలై ఉన్నది. పల్లెల్లో గ్రామసేవకుడు అనే మనిషి కనిపించడం అప్పటి నుంచే.

మరి అప్పుల సంగతి? 1954లో అఖిల భారత గ్రామీణ ఋణ పరిశీలన సంఘం నివేదిక వెలువడింది. రైతు తెచ్చుకున్న ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘాలు ఇచ్చినది మూడు రూపాయల చిల్లర మాత్రమే. ప్రభుత్వం ఇచ్చినదీ అంతే. డెబ్భై రూపాయల దాకా వడ్డీకిచ్చే వాళ్ల దగ్గర పుట్టినదే. పంట కళ్లం దాటకముందే అప్పులవాడి గుమ్మం చేరేదన్నమాట. అలాంటి రైతును ‘ఇంకో బస్తా ఎరువు వెయ్యవయ్యా’ అంటే దేనితో వేస్తాడు?

అమెరికా నుంచి పి. ఎల్. 480 అనే చట్టం కింద గోధుమలు తెచ్చుకొనే ఒప్పందం 1956లో జరిగింది. 1959లో ఫోర్డు ఫౌండేషను పంపిన నిపుణుల బృందం మన తిండి కొరత మీద ఒక నివేదిక వ్రాసింది. దేశమంతటా కొంచెం కొంచెం పంచే బదులు, నీటివసతి గట్టిగా ఉండి, సహకార సంఘాలు బాగా నడుస్తూ, వరదలూ కరువులూ తక్కువగా ఉండే జిల్లాలను ఏరుకొని, అక్కడ అన్ని సాయాలూ ఒక్కసారిగా, ఒక్కచోట చెయ్యండి అన్నారు. దాని నుంచి పుట్టినదే సాంద్ర వ్యవసాయ జిల్లా పథకం. జనం నోట అది ‘పాకేజీ ప్రోగ్రాం’ అయింది. 1960-61లో మొదట ఏడు జిల్లాల్లో ప్రారంభమైంది. మద్రాసు రాష్ట్రంలో తంజావూరు, ఆంధ్ర ప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి, బీహారులో షాహాబాదు, మధ్యప్రదేశ్‌లో రాయపూరు, ఉత్తరప్రదేశ్‌లో అలీగఢు, పంజాబులో లూధియానా, రాజస్థాన్‌లో పాలీ. తరువాత ఇవి పదిహేను అయ్యాయి.

పశ్చిమ గోదావరిని ఎందుకు ఏరుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట కింద డెల్టా కాలువలు నూరేళ్లకు పైగా పారుతున్నాయి. మారుటేరులో వరి పరిశోధన కేంద్రం 1925 నుంచీ ఉన్నది. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి దున్నడం రైతుకు తెలిసిన విద్యే.

పాకేజీ పథకంలో ఏముండేదో వినండి. బ్లాకుకు మామూలుగా పదిమంది గ్రామసేవకులు ఉండే చోట ఇరవై మంది దాకా వేశారు. మట్టి పరీక్ష చేసే ప్రయోగశాల పెట్టారు. సహకార సంఘాల ద్వారానే అప్పు, వాటి ద్వారానే ఎరువు, విత్తనం, పురుగుమందు అందేట్టు ఏర్పాటు చేశారు. సరుకు ముందుగానే దగ్గరలో నిలవ ఉండాలని గిడ్డంగులు తలపెట్టారు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి రైతుకీ ఒక సాగు ప్రణాళిక. గ్రామసేవకుడు రైతు అరుగు మీద కూర్చొని, నీకు ఎన్ని ఎకరాలు, ఏ మడిలో ఏ రకం, ఎంత ఎరువు, ఎంత అప్పు కావాలి, ఏ నెలలో కావాలి అని కాగితం మీద వ్రాసేవాడు. ఆ కాగితాన్ని బట్టి సంఘం అప్పు ఇవ్వాలన్నది ఉద్దేశం. పొలం విలువను చూసి కాదు, పండబోయే పంటను చూసి అప్పు ఇవ్వడం అన్నమాట. ఆ రోజులకి ఇది చాలా పెద్ద ఆలోచన.

పథకంలో మరో అంశం కూడా ఉన్నది. తిండిగింజలకు కనీస ధర ముందుగానే చెప్పాలి, పండిన తరువాత ధర పడిపోతుందన్న భయం రైతుకు ఉండకూడదు అని వ్రాసుకున్నారు. కాని ఆ మాట మొదటి నాలుగేళ్లూ కాగితం మీదే ఉండిపోయింది.

మరి ఫలితం? మొదటి ఏళ్లలో ఎరువు వాడకం పెరిగింది, మట్టి పరీక్షలు పెరిగాయి, సంఘాల అప్పు పెరిగింది. పంట మాత్రం ఆశించినంత గెంతలేదు. కారణం వడ్లలో ఉన్నది. ఆనాటి సార్వా రకాలు, అక్కుళ్లు, కృష్ణకాటుకలు, ఆత్రగడ, బాసంగి, ఇవన్నీ మన నేలకు అలవాటు పడిన మంచి రకాలే. కాని ఎత్తుగా పెరిగే రకాలు. కొద్దిపాటి ఎరువుతో పండటానికి తయారైనవి. వీటికి అమ్మోనియం సల్ఫేటు ఎక్కువ వేస్తే గడ్డి ఏపుగా పెరిగేది, వెన్ను బరువెక్కేది, ఒక్క గాలివానకు చేనంతా పడిపోయేది. పడిపోయిన చేను నీళ్లలో మొలకెత్తితే రైతుకు మిగిలేది అప్పు కాగితమే. అంటే, అప్పూ ఎరువూ సలహా అన్నీ వచ్చాయి, వాటిని జీర్ణం చేసుకొనే విత్తనం రాలేదు. కర్రు లేని నాగలి అయింది.

ఇక్కడ కథ మలుపు తిరిగింది. 1964లో సి. సుబ్రహ్మణ్యం గారు కేంద్ర వ్యవసాయ మంత్రి అయ్యారు. ఆయన ఒక చేత్తో ధరనూ, రెండో చేత్తో విత్తనాన్నీ పట్టుకున్నారు. 1965 జనవరిలో భారత ఆహార సంస్థ ఏర్పడింది. పంట వచ్చినప్పుడు ప్రభుత్వం తరఫున కొనే సంస్థ అది. అదే నెలలో వ్యవసాయ ధరల కమిషను పుట్టింది. జాతీయ విత్తన సంస్థ 1963లోనే ఏర్పడి ఉన్నది. 1965లోనే హైదరాబాదు దగ్గర రాజేంద్రనగరులో అఖిల భారత సమన్వయ వరి పరిశోధన ప్రాజెక్టు మొదలైంది.

ఆ తొందర ఊరికే వచ్చినది కాదు. 1964-65లో, పప్పులతో కలిపి, దేశంలో 8.9 కోట్ల టన్నుల తిండిగింజలు పండితే, వానలు లేక 1965-66లో 7.2 కోట్ల టన్నులకు పడిపోయాయి. మరుసటి ఏడూ వాన ముఖం చాటేసింది. బీహారులో కరువు. 1966లో దిగుమతి చేసుకున్న గింజలు కోటి టన్నులు దాటాయి. ఓడ వస్తేనే కుండలో మెతుకు. ఓడ పంపేవాడు ఈ నెల పంపుతాడో లేదో తెలియని స్థితి. పరాయివాని దయ మీద తినడమంటే ఏమిటో ఆ రెండేళ్లలో దేశానికి తెలిసివచ్చింది.

1966లో మెక్సికో నుంచి పొట్టి గోధుమ విత్తనం 18,000 టన్నులు తెప్పించారు. నార్మన్ బోర్లాగు సృష్టించిన రకాలవి. వాటిని మన నేలలకు పరీక్షించి నడిపించినది ఎం. ఎస్. స్వామినాథన్ గారూ, తోటి శాస్త్రవేత్తలూ. లూధియానాలో పాకేజీ పథకం అప్పటికే ఆరేళ్ల వయసున్నది. అప్పు ఇచ్చే సంఘం ఉన్నది, ఎరువు దిగే గిడ్డంగి ఉన్నది, నీరు ఉన్నది, సలహా చెప్పే మనిషి ఉన్నాడు. ఇప్పుడు విత్తనమూ, కొనేవాడూ వచ్చారు. 1964-65లో 1.23 కోట్ల టన్నులున్న గోధుమ 1967-68లో 1.65 కోట్లకు పెరిగింది. 1968లో పంజాబులో గోధుమ పోయడానికి చోటు చాలక బడులు మూసి వాటిలో పోశారు. ఆ ఏడే దేశం గోధుమ విప్లవం పేర తపాలా బిళ్ల వేసింది.

వరి కథ కొంచెం వంకర టింకరగా నడిచింది. మొదట తైవాను నుంచి టి. ఎన్. 1 అనే పొట్టి రకం వచ్చింది. చేను పడిపోలేదు, ఎరువు తిన్నది, కాని ఆకు ఎండు తెగులుకు లొంగిపోయింది. 1966 చివరలో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ. ఆర్. 8ని విడుదల చేసింది. అప్పట్లో మన దేశపు సగటు వరి దిగుబడి హెక్టారుకు ఒక టన్ను బియ్యం. ఐ. ఆర్. 8, బాగా ఎరువు వేసిన ప్రయోగ మళ్లలో, హెక్టారుకు తొమ్మిది పది టన్నుల ధాన్యం చూపించింది. పశ్చిమ గోదావరిలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దీన్ని పండించి, విత్తనం పెంచి, తోటి రైతులకు అందించారు. ఆయనకు ‘మిస్టర్ ఐ. ఆర్. 8’ అని పేరే వచ్చింది. తంజావూరులో ఎ. డి. టి. 27 అనే మరో రకాన్ని గురించి రేడియోలో విని వేసిన రైతులు దానికి ‘రేడియో వరి’ అని పేరు పెట్టుకున్నారు. చూశారా, గాలిలో వచ్చే మాట కూడా సాగులో ఒక పెట్టుబడే.

ఈ పొట్టి రకాలతో మరో మేలు జరిగింది. పాత సార్వా రకాలు చాలావరకు అయిదారు నెలల పంట, పొద్దు తగ్గే రోజులు వస్తేగాని ఈనేవి కావు. కొత్త రకాలకు ఆ పట్టింపు లేదు, పంటకాలమూ తక్కువ. అంచేత దాళ్వా సాగుకు బలం వచ్చింది. 1968లో మన దేశంలోనే తయారైన జయ వచ్చింది. ఐ. ఆర్. 8 బియ్యం లావు, అన్నం రుచి లేదని గొణిగిన వాళ్లకు మన శాస్త్రవేత్తలే జవాబు చెప్పారు. 1982లో మారుటేరు నుంచి స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. ఇవాళ మనం ఇష్టంగా తినే సాంబ మసూరి పుట్టుకలో, ఆనాడు తెగులుకు లొంగిన టి. ఎన్. 1 పాలు కూడా ఉన్నది. పరిశోధన మీద పెట్టిన రూపాయి ఎప్పుడు, ఎక్కడ మొలకెత్తుతుందో ముందుగా చెప్పలేం.

1950-51లో దేశంలో పండిన తిండిగింజలు 5 కోట్ల టన్నుల పైచిలుకు. 1970-71కి 10.8 కోట్లు. 2023-24లో 33.2 కోట్ల టన్నులు. సాయం అన్ని విధాలా కలిసి వచ్చినప్పుడు రైతు ఏం చేయగలడో ఈ అంకెలే చెబుతాయి.

అయితే కథలో తీపి ఒక్కటే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఈ సాయం రెండు చోట్ల ఒరిగిపోయింది.

మొదటిది, మెట్ట పంటలు. జొన్నలో సి. ఎస్. హెచ్. 1 అనే సంకర రకం 1964లోనే వచ్చింది, సజ్జలో హెచ్. బి. 1 1965లో వచ్చింది. విత్తనం లేక కాదు. కొనేవాడు లేక. ప్రభుత్వం కొన్నది ముఖ్యంగా వరి, గోధుమ. చౌక డిపోలో ఇచ్చినదీ అవే. 1983లో మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి పేదవాడి కడుపు నింపింది, అది గొప్ప పని. కాని జొన్నరొట్టె, రాగిసంకటి తినే ఇళ్లలోకి కూడా బియ్యమే చేరి, మెట్టరైతు గింజకు గిరాకీ తగ్గింది. 2024-25కి క్వింటాలు మామూలు వడ్లకు మద్దతు ధర 2,300 రూపాయలైతే, రాగులకు 4,290, హైబ్రిడ్ జొన్నకు 3,371. చూడటానికి మెట్ట పంటదే పైచెయ్యి. కాని కొనుగోలు కేంద్రం లేని ఊళ్లో ఆ ధర గోడ మీద బొమ్మ మాత్రమే. 2015లో శాంతకుమార్ సంఘం చెప్పినదాన్ని బట్టి దేశం మొత్తంలో మద్దతు ధరకు ప్రభుత్వ సంస్థలకు అమ్ముకోగలిగిన రైతులు నూటికి ఆరుగురే. ధర ప్రకటించడం వేరు, ధర ఇవ్వడం వేరు. ధర గిట్టకపోతే నీరున్న నేల కూడా బీడు పడుతుంది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు లోకమంతా అది చూసింది.

రెండవది మరింత బరువైన విషయం. కౌలుదారు. 1956లోనే ఆంధ్ర ప్రాంతానికి కౌలుదారీ చట్టం వచ్చింది. కాని కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడిచేది. 1960లలో ఉల్ఫ్ లడెజిన్‌స్కీ అనే భూసంస్కరణల నిపుణుడు పశ్చిమ గోదావరితో సహా కొన్ని పాకేజీ జిల్లాల్లో కౌలు పరిస్థితులు పరిశీలించాడు. 1965లో ప్రణాళికా సంఘం దాన్ని అచ్చువేసింది. కాగితం లేని కౌలుదారు, ఏ ఏటికి ఆ ఏడు నేల పోతుందేమోనని భయపడే కౌలుదారు, ఎరువు మీద ఎందుకు పెట్టుబడి పెడతాడు? సంఘం అతనికి ఏ హామీ మీద అప్పు ఇస్తుంది? ఇదే అతని నివేదికలోని చిక్కు ప్రశ్న. పంటను చూసి అప్పు ఇస్తామన్న పథకం, చివరికి పట్టాను చూసే అప్పు ఇచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టయింది.

1969లో పధ్నాలుగు బ్యాంకులను జాతీయం చేశారు. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చింది. అప్పు పల్లెకు దగ్గరైంది, నిజమే. కాని పట్టా లేనివానికి దూరంగానే ఉన్నది. 2011లో సాగుదారులకు ఋణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. 2019లో ఆంధ్ర ప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం చేశారు. దానికి యజమాని సంతకం కావాలన్నారు, ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోయారు. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు కూడా డబ్బు పట్టాదారుకే అందింది. సాయం పెరిగింది, రకాలు మారాయి, కాని మేడి పట్టిన చెయ్యిని వెతుక్కుంటూ వెళ్లే దారి ఇంకా పూర్తి కాలేదు.

రైతు సోదరులారా, ఈ చరిత్ర నుంచి మనం పట్టుకుపోవలసిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఆనాటి గ్రామసేవకుడు వ్రాసిన సాగు ప్రణాళికను మీరే వ్రాసుకోండి. ఏ మడికి ఏ రకం, ఎంత ఎరువు, ఎప్పుడు, ఎంత డబ్బు. ఒక పాత నోటుపుస్తకం చాలు. అప్పు అడగడానికి వెళ్లినప్పుడు అది చేతిలో ఉంటే మాటకు బలం ఉంటుంది.

రెండు. మట్టి పరీక్ష చేయించకుండా యూరియా బస్తాకు చెయ్యి చాపవద్దు. 1992లో భాస్వరం, పొటాషు ఎరువుల ధరల మీద అదుపు తీసేసి యూరియా మీద ఉంచారు. యూరియా చవక అయింది గనక అదే ఎక్కువ పడుతున్నది. నత్రజని మితిమీరిన చేనును తెగులూ దోమా వెతుక్కుంటూ వస్తాయి.

మూడు. సాగు చేసేవారు ఎవరో ఆ పేరుతోనే పంట నమోదు చేయించుకోండి. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ-పంట లెక్కలో పేరు లేకపోతే అమ్మకం దగ్గరా, నష్టపరిహారం దగ్గరా చిక్కులు తప్పవు. భూయజమానులకు కూడా ఒక మాట. సాగుదారు కార్డు మీద సంతకం పెట్టినంత మాత్రాన నేల మీద మీ హక్కు పోదు.

నాలుగు. వడ్లు కళ్లంలో ఆరబెట్టండి. తేమ 17 శాతం దాటితే కేంద్రంలో పేచీ వస్తుంది. తూకం చీటీ ఆ పూటే తీసుకోండి.

విస్తరణ మిత్రులారా, మీకు ఒక మనవి. విత్తనం ఎన్ని బస్తాలు పంచారన్న లెక్క పై ఆఫీసుకు వెళుతుంది. కాని ఆ విత్తనం తీసుకున్న ఇంటికి ఎరువూ, అప్పూ, కొనుగోలు కేంద్రం కబురూ కూడా చేరాయా లేదా అన్న లెక్క మీ దగ్గర ఉండాలి. ఆ ఇంట్లో పట్టాదారు ఎవరని అడిగాక, పొలంలో దిగేది ఎవరని కూడా అడగండి. 1952లో కృష్ణమాచారి సంఘం చెప్పినదీ, 1960లో పాకేజీ పథకం తలపెట్టినదీ, 1965లో లడెజిన్‌స్కీ గుర్తు చేసినదీ కలిపితే ఒక్కటే పని అవుతుంది: సాయమంతా కట్టగా కట్టి, దున్నేవాని చేతికి ఇవ్వాలి.

ఈ సార్వాకు మీ కాలువలు నిండుగా పారాలనీ, మెట్టకు వాన అదనుకు కురవాలనీ కోరుకుంటూ సెలవు తీసుకుంటాను. నమస్కారం.